ఒక పన్ను తేడా

తొంభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది బండి.
టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో
అమ్మినాయనకి గుర్తు లేదు.
"బాగానే ఉంటుందమ్మా" అన్నాడు,
ఎదుటివాళ్ళ పంటినొప్పి గురించి చెప్పినట్టు.

వర్క్‌షాపులో ఎనిమిదిన్నర వేలు అడిగారు.
పుదుప్పేట సందులో
బెల్టు, టెన్షనరు, ఐడ్లరు, వాటర్ పంపు
అన్నీ కలిపి మూడు వేల రెండొందలు.
కొట్టు పెద్దాయన బిల్లు రాస్తూ
"మెకానిక్ ఎవరు?" అన్నాడు.
నేనే, అన్నాను.
పెన్ను ఆగింది.
తర్వాత బిల్లులో ఓ వంద కొట్టేశాడు,
ఎందుకో చెప్పలేదు.

ఆదివారం. కొళత్తూరులో పొద్దున ఆరింటికే ఉక్క.
అపార్ట్‌మెంటు కింద పాత దుప్పటి పరిచి
నేనూ మునిరత్నమూ.
కుడి చక్రం ఊడదీశాం.
జాకీకీ ఆయిల్ పాన్‌కీ మధ్య ఓ చెక్క కావాలి.
పైకి వెళ్ళి చపాతీ పీట తెచ్చాడు.
నేను చూశాను,
నేను చూడటం అతను చూడలేదు.
మౌంటు బోల్టులు విప్పగానే
ఇంజను బరువు నెమ్మదిగా
పీట మీద కూర్చుంది.

క్రాంక్ పుల్లీ బోల్టు మాత్రం రానంది.
రెంచికి పాత బోరు పైపు తొడిగి
ఇద్దరం వేలాడాం.
అసోసియేషన్ సెక్రటరీ వచ్చి
"ఇక్కడ నూనె కారితే ఫైను" అంటుండగా
ఠప్పున వదిలింది.
ఆయన రెండడుగులు వెనక్కి.

పాత బెల్టు చేతిలోకి తీసుకుని వంచాను.
వీపంతా పగుళ్ళు,
మా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ ఆయాల మడమల్లా.
తెగితే ఏమయ్యేదో అతనికి చెప్పాను:
పిస్టన్ పైకొచ్చే చోటికే
వాల్వూ దిగుతుంది.
చోటు ఒక్కటే.
ఒకటి వచ్చేలోపు ఇంకోటి తప్పుకోవాలి.
ఎవరి వేళ ఎప్పుడో చెప్పేది
ఈ రబ్బరు ముక్కే.

"మనింట్లో మంచంలాగా" అన్నాడు.
నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

కీల్పాక్ ల్యాబులో రాత్రంతా రక్తం గొట్టాలతో గడిపి
ఏడున్నరకి నేను గేటు దగ్గర కారాపితే
టిఫిన్ డబ్బాతో అతను సిద్ధం.
ఇంజను ఆపం, తలుపు మాత్రం మారుతుంది.
సీటు ఇంకా వెచ్చగా ఉంటుందని ఒకసారి అన్నాడు.
పైన పక్క కూడా అంతేనని
నేను చెప్పలేదు.

గుర్తులు కలిపాం.
కింది పళ్ళచక్రం మీద చుక్క బాణానికి,
పై చక్రం బెజ్జం హెడ్డు మీది గీతకి.
చెదరకుండా రెండు చోట్లా ఎర్ర గోళ్ళరంగు.
ఎవరి పెళ్ళికో కొన్నది, సీసా అడుగున గడ్డకట్టింది,
చుక్క థిన్నరు పోసి లేపాను.

కొత్త బెల్టు ఎక్కింది.
బొటనవేలితో నొక్కి చూశాను.
అప్పుడే స్టార్ట్ చేయకూడదు,
చేత్తో తిప్పి చూడాలి.
కింది షాఫ్టు రెండు చుట్లకి
పైది ఒక్క చుట్టు.
కింద ఎరుపు తన చోటుకి వచ్చింది.
పైన రాలేదు.

ఒక పన్ను.
వేలి గోరంత.
"పర్లేదేమో" అన్నాడు మునిరత్నం.
లేతు మీద వెంట్రుకలో సగం తేడా వస్తే
ముక్కని చెత్తలోకి విసిరే మనిషి.
అతని మొహంలోకి చూశాను.
"సరే, విప్పు."

ఎండ దుప్పటి దాకా పాకింది.
పైన ఇడ్లీలు చల్లారి ఉంటాయి.
ఈసారి పై చక్రం అతను, కిందిది నేను.
పట్టుకున్నావా.
పట్టుకున్నా.
వదలకు.
ఆ వారంలో మేం
ఒకరి మొహం ఒకరు చూస్తూ అనుకున్న మాటలు
దాదాపు ఇవే.

రెండు చుట్లు.
ఎరుపు, ఎరుపు.
ఇంకో రెండు తిప్పాను, ఊరికే.

తాళం తిప్పగానే గలగల.
నా ప్రాణం పోయింది.
రేడియేటర్ పక్కన మరిచిన స్పానరు అది.
తీసేశాక మామూలు చప్పుడు.
మామూలు చప్పుడుని
అంతసేపు నిలబడి ఎప్పుడూ వినలేదు మేం.

పీట మీద జాకీ తల
గుండ్రంగా అచ్చు దిగింది.
రెండోవైపు తిప్పి వత్తుతున్నాం.
అతనూ అనలేదు, నేనూ అనలేదు,
నాలుగైదు రోజులు
ఇద్దరి డబ్బాల్లోనూ గ్రీజు వాసన.